ఊపిరిలో ఆక్సిజన్ ఎంత? లెక్క దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. వాయువుల చాప్టర్ మొదలైన వారానికే ఎవరో ఒకరు లేచి "మాస్టారూ, మనం పీల్చే ఆక్సిజన్ ఎంతో దీంతో లెక్క కట్టొచ్చా?" అని అడుగుతారు. కట్టొచ్చు, ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కలే చాలు. కానీ ఏటా అవే మూడు నాలుగు చోట్ల ఇరుక్కుపోతారు. 2021లో, కోవిడ్ రోజుల్లో అయితే పిల్లల కంటే వాళ్ల అమ్మానాన్నలే ఎక్కువగా ఫోన్ చేశారు, ఇంట్లో సిలిండర్ తెల్లారేదాకా వస్తుందా రాదా అని. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## లెక్కకు కూర్చునే ముందు

పీల్చే ఆక్సిజన్ ఒక్కోచోట ఒక్కోలా రాస్తున్నారు, ఏది కరెక్ట్?

చాలాసార్లు అన్నీ కరెక్టే, ఎందుకంటే ఒకే మాటతో మూడు వేర్వేరు సంగతులు చెప్తున్నారు. ముక్కులోంచి లోపలికి పోయే ఆక్సిజన్ ఒకటి. అందులో ఊపిరితిత్తుల చివర ఉండే వాయుగోణుల దాకా చేరేది ఇంకొకటి. రక్తంలో కలిసి ఒంట్లో నిజంగా ఖర్చయ్యేది మూడోది. ఊరికే కూర్చుని ఉన్న ఆరోగ్యవంతుడికి నిమిషానికి ముక్కులోకి సుమారు 1,040 మి.లీ., వాయుగోణులకు 730 మి.లీ., ఖర్చయ్యేది 250 మి.లీ. మాత్రమే (మూడూ 0 డిగ్రీల దగ్గర, తేమ లేని గాలి కొలతలోకి మార్చి చెప్తున్నాను). ఎంత అని అడిగే ముందు ఏ ఆక్సిజన్ అని అడగండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

గాలిలో 21 శాతం ఆక్సిజన్ అంటే బరువులోనా, ఘనపరిమాణంలోనా?

ఘనపరిమాణంలో. మోల్స్‌లో, అంటే అణువుల లెక్కలో అన్నా అదే, ఎందుకంటే ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర ఏ వాయువైనా మోల్‌కు దాదాపు ఒకే చోటు తీసుకుంటుంది. పొడి గాలిలో నైట్రోజన్ 78.08, ఆక్సిజన్ 20.95, ఆర్గాన్ 0.93, కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం. బరువులో చూస్తే ఆక్సిజన్ వాటా 23 శాతం దాటుతుంది. ఆక్సిజన్ మోల్ 32 గ్రాములైతే గాలి సగటున 29 గ్రాములే కదా, అందుకు. 100 గ్రాముల గాలిలో 21 గ్రాములు అని రాసి మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

22.4 వేయాలా, 22.7 వేయాలా, 24.5 వేయాలా?

ఈ ప్రశ్న రాని సంవత్సరం లేదు. మూడూ నిజమే. 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర మోల్‌కు 22.4 లీటర్లు. 0 డిగ్రీలే కానీ పీడనం 1 బార్ అయితే 22.7. 25 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర 24.5. ఇక్కడ మే నెలలో ఫ్యాన్ కింద 32 డిగ్రీలున్న గదిలో అయితే 25. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర 25.4. మీ చేతిలో ఉన్న లీటర్లు ఏ వేడి దగ్గర, ఏ పీడనం దగ్గర కొలిచినవో, దానికి సరిపోయే అంకె వేయాలి. ఊపిరితిత్తుల్లో కొలిచిన గాలిని 22.4తో భాగిస్తే, మనిషి ఒళ్లు మంచుగడ్డలా ఉందని అనుకున్నట్టు అవుతుంది.

పీవీ = ఎన్ఆర్‌టీ (పీడనం × ఘనపరిమాణం = మోల్స్ × ఆర్ × ఉష్ణోగ్రత) సూత్రంలో ఆర్ విలువ ఏది తీసుకోవాలి?

పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే 0.0821. పాస్కల్స్, ఘనపు మీటర్లు వాడితే 8.314. మి.మీ. మెర్క్యురీ, లీటర్లు అయితే 62.4. ఉష్ణోగ్రత మాత్రం ఎప్పుడూ కెల్విన్‌లోనే, అంటే డిగ్రీలకు 273 కలపాలి.

## ఒక్క ఊపిరి లెక్క

ఒక్కసారి గాలి పీలిస్తే ఎన్ని గ్రాముల ఆక్సిజన్ లోపలికి పోతుంది? స్టెప్పులతో చెప్పండి

మామూలుగా పీల్చే ఒక్క ఊపిరి పెద్దవాళ్లకు సుమారు 500 మి.లీ. ఇది లోపలికి వెళ్లాక 37 డిగ్రీలకు వేడెక్కి, పూర్తిగా తేమతో నిండుతుంది. విశాఖ సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి పీడనం 760 మి.మీ. అనుకోవచ్చు.

మొదట తేమ వాటా తీసేయాలి. 37 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 47 మి.మీ. కాబట్టి మిగిలిన పొడి గాలికి 760 − 47 = 713 మి.మీ. అందులో 20.95 శాతం ఆక్సిజన్, అంటే 149 మి.మీ. దీన్ని 760తో భాగిస్తే 0.197 అట్మాస్ఫియర్. ఇప్పుడు పీవీ = ఎన్ఆర్‌టీ. మోల్స్ = (0.197 × 0.5) ÷ (0.0821 × 310) = 0.00387. దాన్ని 32తో గుణిస్తే 0.124 గ్రాములు. అణువుల్లో చెప్పాలంటే అవగాడ్రో సంఖ్యతో, అంటే ఒక మోల్‌లో ఉండే అణువుల సంఖ్యతో గుణించండి, 23 తర్వాత ఇరవై సున్నాలు పెట్టినంత వస్తుంది, అది కూడా ఒక్క ఊపిరికి.

నాకు 0.15 గ్రాములు వచ్చింది, తప్పెక్కడ?

మీరు 500 మి.లీ.లో 21 శాతం అంటే 105 మి.లీ. తీసుకుని 22.4తో భాగించి ఉంటారు. అక్కడ రెండు పొరపాట్లున్నాయి. ఒంటి వేడిని లెక్కలోకి తీసుకోలేదు, తేమకు చోటు ఇవ్వలేదు. రెండూ కలిసి జవాబును 21 శాతం పెంచేస్తాయి. 21 శాతం ఆక్సిజన్, 21 శాతం తప్పు అనేది యాదృచ్ఛికమే, ఆ రెంటికీ సంబంధం లేదు, ఒక అబ్బాయి ఉందని గట్టిగా వాదించాడు కాబట్టి చెప్తున్నాను.

ఆ 47 ఎక్కడిది? ఎండాకాలంలో మారదా?

మారదు. అది బయటి వాతావరణానిది కాదు, మన ఒంటిది. ముక్కు, గొంతు, శ్వాసనాళం ఎప్పుడూ తడిగా ఉంటాయి. గాలి వాటిని దాటేసరికి 37 డిగ్రీలకు వచ్చి, ఆ వేడి దగ్గర ఎంత ఆవిరి పట్టగలదో అంతా పట్టేస్తుంది. 37 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త బాష్ప పీడనం 47 మి.మీ., అంతే. డాల్టన్ పాక్షిక పీడనాల సూత్రం (కలిసి ఉన్న వాయువుల్లో ఒక్కోదానికి తన వాటా పీడనం ఉంటుందనేది) మనలో ప్రతి ఊపిరికీ పనిచేస్తున్న చోటు ఇది.

పీల్చిన ఆక్సిజన్ అంతా ఒంటికి పట్టేస్తుందా?

లేదు, నాలుగో వంతు కూడా పట్టదు. లోపలికి 21 శాతంతో వెళ్లిన గాలి బయటికి సుమారు 16 శాతంతో వస్తుంది. పోయిన దాని బదులు 4 శాతం చుట్టూ కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదితే మనిషి బతికే అవకాశం ఉండేది అందుకే, మనం వదిలే గాలిలో ఇంకా బోలెడంత ఆక్సిజన్ ఉంది. "మనం ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం" అని చిన్న క్లాసుల్లో బట్టీ పట్టించడం వల్ల, వదిలే గాలి మొత్తం కార్బన్ డయాక్సైడే అని డిగ్రీ దాకా నమ్మేవాళ్లు ఉన్నారు. అది నాకు చాలా బాధ కలిగించే సంగతి.

డెడ్ స్పేస్ అంటే ఏమిటి, లెక్కలో దాన్ని తీసేయాలా?

ప్రతి ఊపిరిలో సుమారు 150 మి.లీ. గాలి గొంతు, శ్వాసనాళాల్లోనే ఆగిపోయి, రక్తాన్ని తాకకుండానే వెనక్కి వస్తుంది. ఆ చోటే డెడ్ స్పేస్. ముక్కులోకి ఎంత పోయింది అన్నది లెక్కిస్తుంటే తీసేయక్కర్లేదు. వాయుగోణులకు ఎంత చేరింది అని అడిగితే మాత్రం 500లో 150 తీసేసి 350 మి.లీ.తో లెక్క వేయాలి. వదిలిన గాలి మొత్తాన్ని సంచిలో పట్టి కొలిచినా తీసేయక్కర్లేదు, ఎందుకంటే ఆ సంచిలో అది కూడా కలిసే ఉంది.

## నిమిషం నుంచి రోజు దాకా

నిమిషానికి ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్‌ని ఎలా కట్టాలి?

నిమిషానికి 12 ఊపిర్లు, ఒక్కోటి 500 మి.లీ. అనుకుంటే 6 లీటర్లు. ఇది ఒంటి వేడి దగ్గర, తేమతో ఉన్న గాలి. దీన్ని 0 డిగ్రీల పొడి గాలిలోకి మార్చడానికి (273 ÷ 310) × (713 ÷ 760) తో, అంటే 0.826తో గుణించాలి. 4.96 లీటర్లు వస్తుంది. లోపలికి 20.95 శాతం, బయటికి 16 శాతం, తేడా 4.95 శాతం. 4.96లో అంత అంటే 245 మి.లీ. ఇప్పుడు మాత్రం 22.4తో ధైర్యంగా భాగించండి, గాలిని 0 డిగ్రీలకు మార్చేశాం కదా. 0.0109 మోల్స్, అంటే 0.35 గ్రాములు. వైద్యం పుస్తకాల్లో కనిపించే "నిమిషానికి 250 మి.లీ." ఇదే.

లోపలికి పోయినంత గాలే బయటికి వస్తుందని ఎలా అనుకుంటాం?

మంచి ప్రశ్న, ఇది అడిగిన వాళ్లను నేను గుర్తుపెట్టుకుంటాను. నిజానికి రాదు. 250 మి.లీ. ఆక్సిజన్ లోపల ఉండిపోతే 200 మి.లీ. కార్బన్ డయాక్సైడే బయటికి వస్తుంది కాబట్టి వదిలే గాలి కాస్త తక్కువ. దీన్ని సరిచేసేది నైట్రోజన్. ఒళ్లు దాన్ని వాడదు, తయారుచేయదు, కాబట్టి లోపలికి ఎంత పోయిందో అంతే బయటికి రావాలి. పీల్చే పొడి గాలిలో నైట్రోజన్, ఆర్గాన్ కలిపి 79.01 శాతం. వదిలే గాలిలో ఆక్సిజన్ 16, కార్బన్ డయాక్సైడ్ 4 పోతే 80 శాతం. అంటే పీల్చిన గాలి, వదిలిన గాలికి 80 ÷ 79.01 = 1.0125 రెట్లు. వదిలింది 4.96 లీటర్లయితే ఖర్చయిన ఆక్సిజన్ = 4.96 × (1.0125 × 0.2095 − 0.16) = 0.258 లీటర్లు. సరిచేయకపోతే 245 వచ్చేది, చేస్తే 258. గాలిలో ఒక శాతం తేడా జవాబులో ఐదు శాతం అయింది చూశారా! పరిశోధన లాబుల్లో ఈ సవరణ తప్పకుండా చేస్తారు, పరీక్షలో అడగకపోతే వదిలేయండి.

రోజుకు మనిషికి ఎన్ని కిలోల ఆక్సిజన్ కావాలి?

కదలకుండా ఉంటే సుమారు అరకిలో. నిమిషానికి 0.35 గ్రాములు, రోజుకు 1,440 నిమిషాలు, గుణిస్తే 504 గ్రాములు, లీటర్లలో 353. నడిచి, మెట్లెక్కి, పని చేసే మనిషికి ఇంకా ఎక్కువ పడుతుంది. తినే అన్నం, పప్పు, కూర అన్నీ తూచి చూస్తే, మనం గాలిలోంచి తినేది కూడా తక్కువేమీ కాదు.

ఈ జవాబు సరైనదో కాదో చెక్ చేసుకోవడం ఎలా?

తిండితో చెక్ చేయండి. ఒంట్లో ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 4.8 కిలో క్యాలరీల శక్తి వస్తుంది. 353 లీటర్లకు 1,700 దాకా వస్తుంది, పడుకుని ఉన్నా ఒంటికి రోజంతా కావలసిన శక్తికి అది దగ్గరగానే ఉంటుంది. కెమిస్ట్రీ వైపు నుంచి కూడా చూడొచ్చు. ఒక మోల్ గ్లూకోజ్, 180 గ్రాములు, పూర్తిగా ఆక్సీకరణం కావడానికి 6 మోల్స్ ఆక్సిజన్, అంటే 192 గ్రాములు కావాలి. తిండి కంటే ఆక్సిజనే బరువెక్కువ! ఆ శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో కండరాలకు అందుతుంది. దాన్ని 1929లో కండరం నుంచి వేరుచేసి చూపిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఈ మాట చెప్పకుండా ఈ పాఠం నేను ముగించను.

బీచ్ రోడ్డులో పొద్దున్నే నడుస్తాను, అప్పుడు ఎంత ఖర్చవుతుంది?

కూర్చున్నప్పుడు కిలో బరువుకు నిమిషానికి 3.5 మి.లీ. అని లెక్క. 60 కిలోల మనిషికి 210 మి.లీ. చురుగ్గా నడిస్తే సుమారు 4 రెట్లు, అంటే 840 మి.లీ. గంట నడిస్తే 50 లీటర్లు, 72 గ్రాములన్నమాట. దాదాపు 240 కిలో క్యాలరీలు. ఆ తర్వాత తినే రెండు ప్లేట్ల పూరీ దాన్ని సులువుగా దాటేస్తుంది.

గట్టిగా, గబగబా ఊపిరి తీస్తే ఆక్సిజన్ ఎక్కువ పడుతుందా?

గబగబా కంటే నిదానంగా, లోతుగా తీస్తే వాయుగోణులకు గాలి ఎక్కువ చేరుతుంది. మూడు రకాలుగా నిమిషానికి అవే 6 లీటర్లు పీల్చి చూద్దాం. 250 మి.లీ. చొప్పున 24 సార్లు తీస్తే, ఒక్కోదాంట్లో 150 దారిలోనే పోయి, చేరేది 2.4 లీటర్లే. 500 చొప్పున 12 సార్లయితే 4.2. లీటరు చొప్పున 6 సార్లయితే 5.1. ప్రాణాయామంలో నిదానంగా తీయమనే మాటకు ఈ లెక్కలో బలం ఉంది. కానీ ఖర్చయ్యే ఆక్సిజన్ మాత్రం దాంతో పెద్దగా పెరగదు, ఎందుకంటే రక్తం అప్పటికే 97, 98 శాతం నిండి ఉంటుంది. మరీ ఎక్కువగా ఊదేస్తే కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి. అలా అనిపిస్తే ఆపేయండి.

## ఇంట్లో కొలిచి చూడాలంటే

స్పైరోమీటర్ లేకుండా నా ఊపిరి ఎన్ని మిల్లీలీటర్లో కొలవొచ్చా?

నూనె వచ్చే 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, బట్టలు నానబెట్టే టబ్, అర మీటరు రబ్బరు ట్యూబ్ చాలు. డబ్బాను సబ్బుతో రెండుసార్లు కడగండి. అర లీటరు బాటిల్‌తో నీళ్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టండి. నిండాక అరచేత్తో మూతి మూసి, సగం నీళ్లున్న టబ్‌లో బోర్లించండి. ట్యూబ్ ఒక కొస డబ్బా మూతిలోకి తోసి, ముక్కు మూసుకుని, మామూలుగా వదిలే ఊపిరిని రెండో కొసలోంచి వదలండి. నీళ్లు బుడబుడమంటూ దిగుతాయి. గాలి వదలడమే, ట్యూబ్‌లోంచి పీల్చకూడదు, చిన్నపిల్లలైతే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

మా అమ్మాయి మొదటిసారి ఊదినప్పుడు నీళ్లు ఏకంగా రెండో గీతకి కాస్త ఇవతలి దాకా దిగాయి, 900 మి.లీ. పైనే. కొలుస్తున్నామని తెలిస్తే ఎవరైనా ఎక్కువే ఊదుతారు. టీవీ చూస్తూ వరసగా ఐదు ఊపిర్లు వదలమన్నాను, మొత్తం 2.6 లీటర్లు వచ్చింది, సగటు 520. అలా ఐదారు కలిపి కొలిస్తేనే నమ్మొచ్చు. ఇంకో సంగతి, ఊపిరి డబ్బాలోకి వచ్చేసరికి చల్లబడి కుంచించుకుంటుంది. నీళ్లు 30 డిగ్రీలుంటే వచ్చిన అంకెను 1.045తో గుణిస్తే లోపల ఉన్నప్పటి పరిమాణం వస్తుంది, అంటే 520 కాదు, 543.

కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే నీళ్లు ఐదో వంతు పైకొస్తాయి, దాంతో ఆక్సిజన్ 21 శాతమని తేలినట్టే కదా?

కాదు. దయచేసి ఈ ప్రయోగాన్ని అలా చెప్పకండి. కొవ్వొత్తి ఆరిపోయే సమయానికి గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలి ఉంటుంది, 16 శాతం దగ్గర్లోనే మంట నిలవలేక ఆరిపోతుంది. నీళ్లు పైకొచ్చేది ముఖ్యంగా వేడికి వ్యాకోచించి కొంత గాలి బుడగలుగా బయటికి పోవడం వల్ల, మిగిలింది చల్లబడి కుంచించుకోవడం వల్ల. రెండు కొవ్వొత్తులు పెట్టి చూడండి, నీళ్లు ఇంకా ఎక్కువ పైకొస్తాయి, గాలిలో ఆక్సిజన్ పెరగలేదు కదా! నిజంగా కొలవాలంటే వెనిగర్‌లో ముంచి దులిపిన స్టీల్ ఊల్‌ని పరీక్షనాళిక అడుగున కుక్కి, నీళ్లలో బోర్లించి ఒక రోజు వదిలేయండి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ని తినేస్తుంది, నీళ్లు ఐదో వంతు దాకా నిదానంగా ఎక్కుతాయి.

ఆక్సీమీటర్ 98 చూపిస్తే ఆక్సిజన్ సరిపడా ఉన్నట్టేనా?

హిమోగ్లోబిన్ ఎంత నిండిందో అది చెప్తుంది, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. 100 మి.లీ. రక్తంలో 15 గ్రాములుంటే 15 × 1.34 × 0.98 = 19.7 మి.లీ. రక్తహీనతతో 7.5 గ్రాములే ఉన్న అమ్మాయికి కూడా ఆక్సీమీటర్ 98 చూపించవచ్చు, కానీ ఆమె రక్తం మోసేది అందులో సగమే. బస్సులన్నీ నిండుగానే వెళ్తున్నాయి, బస్సులే సగం ఉన్నాయి. ఆయాసం, నీరసం ఉంటే ఆక్సీమీటర్ అంకె చూసి ఊరుకోకుండా రక్త పరీక్ష చేయించండి.

## మన ఊరి గాలి

మేలో ఉక్కపోతకి ఊపిరాడదు, తేమ వల్ల గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుందా?

విశాఖలో ఉండి ఈ ప్రశ్న అడగని వాళ్లు లేరు, నిజాయితీగా లెక్క వేద్దాం. 35 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకోండి. 35 డిగ్రీల దగ్గర సంతృప్త పీడనం 42 మి.మీ., అందులో 70 శాతం 29.5. గాలిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.2095 × (760 − 29.5) = 153 మి.మీ. తేమ అసలే లేని పొడి గాలిలో అయితే 159. తగ్గింది, నిజమే, నాలుగు శాతం.

కానీ ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా మాయమవుతుంది. పొడి గాలి పీల్చినా, తడి గాలి పీల్చినా లోపల 47 మి.మీ. దాకా తేమ నిండాల్సిందే. పొడి గాలికి మన ఒళ్లు మొత్తం ఆవిరి ఇస్తుంది, విశాఖ గాలి సగానికి పైగా తనే తెచ్చుకుంటుంది. చివరికి రెండింటిలోనూ ఆక్సిజన్ 149 మి.మీ.యే. మరి ఆ ఉక్కిరిబిక్కిరి ఎందుకంటే చెమట ఆరదు కాబట్టి. ఒళ్లు చల్లబడక, గుండె వేగంగా కొట్టుకుంటూ చర్మానికి రక్తం పంపుతుంటుంది. కావలసింది ఫ్యాన్ గాలి, నీళ్లు, నీడ. ఆస్తమా ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టర్ మాట వినాలి.

అరకు వెళ్తే ఆక్సిజన్ తగ్గుతుందా? నానమ్మని తీసుకెళ్లొచ్చా?

శాతం తగ్గదు, అక్కడా 20.95 శాతమే. పీడనం తగ్గుతుంది. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ పీడనం సుమారు 682 మి.మీ. తేమ వాటా 47 తీసేసి 20.95 శాతం కడితే 133 మి.మీ. బీచ్ రోడ్డులో 149 ఉండేది, అంటే 11 శాతం తక్కువ. రైల్లో వెళ్తే దారిలో వచ్చే శిమిలిగూడ ఇంకా ఎత్తు, 996 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది తెలియను కూడా తెలియదు, ఎందుకంటే ఆ మాత్రం పీడనానికి హిమోగ్లోబిన్ దాదాపు పూర్తిగానే నిండుతుంది, ఆక్సీమీటర్‌లో ఒకటి రెండు అంకెలు తగ్గొచ్చు. నానమ్మగారికి గుండె జబ్బో, ఊపిరితిత్తుల జబ్బో ఉంటే బయల్దేరే ముందు డాక్టర్‌ని అడగండి. లేకపోతే స్వెటర్ పెట్టుకుని తీసుకెళ్లండి.

ఏసీ గదిలో తలుపులన్నీ మూసి పడుకుంటే ఆక్సిజన్ అయిపోతుందా?

అయిపోదు, కానీ గాలి పాడవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 28,300 లీటర్ల గాలి ఉంటుంది, అందులో ఆక్సిజన్ 5,900 లీటర్లకు పైనే. నిద్రలో మనిషి గంటకు 15 లీటర్లు వాడతాడు. ఇద్దరు, 8 గంటలు, 240 లీటర్లు. గాలి చుక్క కూడా లోపలికి రాకపోయినా ఆక్సిజన్ 20.95 నుంచి 20.1కి దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్ చూడండి. ఇద్దరూ కలిసి 192 లీటర్లు వదులుతారు, 0.04 శాతం ఉన్నది 0.7 దాటుతుంది. ఆక్సిజన్ వందలో నాలుగు వంతులు తగ్గితే ఇది పద్దెనిమిది రెట్లు పెరిగింది. పొద్దున లేచేసరికి తల బరువుగా ఉండటానికి చూడాల్సింది దీన్నే. మామూలు గదుల్లో తలుపు కింది సందులోంచి గాలి కొంత వస్తూనే ఉంటుంది కాబట్టి ఇంత దాకా పోదు. పడుకునే ముందు కిటికీ ఓ వేలెడు తెరిచి ఉంచండి. గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, అక్కడ ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు.

ఆర్కే బీచ్‌లో ఉన్న సబ్‌మెరైన్‌లో అంతమంది ఎలా ఊపిరి తీసుకునేవాళ్లు?

కుర్సురాలో 75 మంది దాకా ఉండేవాళ్లు. లోపలికి వెళ్లి చూసిన వాళ్లకు తెలుసు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒత్తుకోవాలి. చిన్న చిన్న పనులు చేస్తున్న మనిషికి గంటకు 20 లీటర్లు అనుకుంటే 75 మందికి 1,500 లీటర్లు, సుమారు రెండు కిలోల ఆక్సిజన్. అదే గంటలో వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ 1,200 లీటర్లు, రెండు కిలోలకు పైనే. ఆక్సిజన్ తగ్గకముందే కార్బన్ డయాక్సైడ్ ఇబ్బంది పెడుతుంది కాబట్టి, సబ్‌మెరైన్లలో దాన్ని పీల్చుకునే రసాయనాలు పెడతారు. కుర్సురా లాంటి డీజిల్ సబ్‌మెరైన్లు నీటి పైదాకా వచ్చి గొట్టంతో కొత్త గాలి కూడా తీసుకుంటాయి.

## సిలిండర్, హాస్పిటల్ లెక్కలు

సిలిండర్ ఎన్ని గంటలు వస్తుందో ఎలా తెలుస్తుంది?

సిలిండర్ నీటి పరిమాణాన్ని, అంటే లోపల ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ఆ అంకెను, గేజ్ మీద కనిపించే పీడనంతో గుణించాలి. అది బాయిల్ సూత్రమే. బీ టైప్ సిలిండర్ 10 లీటర్లు, నిండుగా 150 బార్ ఉంటే 1,500 లీటర్ల వాయువు. పెద్దదైన డీ టైప్‌లో సుమారు 7,000 లీటర్లు. వచ్చిన దాన్ని ఫ్లోతో, అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతున్నామో దాంతో భాగిస్తే నిమిషాలు.

2021 మే నెలలో ఒక రాత్రి పదింటికి పక్క వీధి నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "మాస్టారూ, నాన్నకు పెట్టిన సిలిండర్ ముల్లు 100 దగ్గరుంది, పొద్దుటి దాకా వస్తుందా?" ఫ్లోమీటర్‌లో గుండు ఎక్కడుందో చూడమన్నాను, 2 దగ్గర ఉందన్నారు. 10 × 100 = 1,000 లీటర్లు, 2తో భాగిస్తే 500 నిమిషాలు, ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. ఉదయం ఆరు ఇరవై. కానీ సిలిండర్‌ని ఖాళీ అయ్యేదాకా నమ్మకూడదు, ఐదో వంతు పక్కన పెట్టుకుని తెల్లవారుజామున నాలుగున్నరకే రెండోది సిద్ధంగా ఉంచమన్నాను. వాళ్లు నాలుగింటికే మార్చారు. మీరూ ఎప్పుడూ ఆ ఐదో వంతు తీసేసే లెక్క కట్టండి.

2 లీటర్లు పెడితే మనిషికి 100 శాతం ఆక్సిజన్ అందుతున్నట్టేనా?

కాదు. ముక్కుకు పెట్టే సన్న గొట్టాల్లోంచి వచ్చే ఆక్సిజన్‌తో పాటు చుట్టూ ఉన్న మామూలు గాలి కూడా లోపలికి పోతుంది. రెండూ కలిసి లీటరుకు సుమారు 4 శాతం చొప్పున పెరుగుతుంది. 1 లీటరుకు 24, 2 లీటర్లకు 28, 4 లీటర్లకు 36 శాతం, ఇవి అంచనాలే, మనిషి ఎంత వేగంగా పీలుస్తున్నాడో బట్టి మారతాయి. లెక్క తెలిసింది కదా అని ఫ్లో మీరే పెంచకండి, కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో ఎక్కువ ఆక్సిజన్ కూడా హాని చేస్తుంది. డాక్టర్ చెప్పిన అంకె దగ్గరే ఉంచండి.

కాన్సంట్రేటర్ ఆక్సిజన్‌ని తయారుచేస్తుందా?

తయారుచేయదు, నైట్రోజన్‌ని తీసేస్తుంది. గదిలో గాలిని ఒత్తిడితో జియోలైట్ గుళికల్లోంచి పంపితే నైట్రోజన్ వాటికి అంటుకుంటుంది, 90 శాతానికి పైగా ఆక్సిజన్ మిగులుతుంది. కరెంటు పోతే ఆగిపోతుంది, తుపాను వచ్చే ఊళ్లో ఉన్నాం కాబట్టి పక్కన చిన్న సిలిండర్ ఉంచుకోండి.

ఒక టన్ను ద్రవ ఆక్సిజన్ ఎంతమందికి సరిపోతుంది?

2021 ఏప్రిల్ 22న మన స్టీల్ ప్లాంట్ నుంచి 7 ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరినప్పుడు క్లాసులో అందరం కట్టిన లెక్క ఇది. అప్పుడు ఆన్‌లైన్‌లో పాఠాలు, పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు పంపారు. టన్ను అంటే 10 లక్షల గ్రాములు. 32తో భాగిస్తే 31,250 మోల్స్. 25 డిగ్రీల దగ్గర 24.5తో గుణిస్తే 7 లక్షల 65 వేల లీటర్ల వాయువు. ఒక పేషెంట్‌కు నిమిషానికి 5 లీటర్లు పెడితే రోజుకు 7,200 లీటర్లు, కాబట్టి టన్ను ఒక రోజుకు 106 మందికి.

ఒకమ్మాయి మాత్రం 2,000 మందికి అని రాసింది. తప్పనుకుని ఫోన్ చేశాను. "మనిషికి రోజుకు అరకిలోనే కదా సార్ ఖర్చయ్యేది" అంది. ఆమె లెక్క తప్పు కాదు, ఆమె లెక్కించింది ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్. మిగతావాళ్లు లెక్కించింది గొట్టంలోంచి వచ్చేది. గొట్టంలోంచి రోజుకు 9 కిలోలు దాటి వస్తుంది, ఊపిరి వదులుతున్నప్పుడు కూడా ఆగకుండా పారుతూ చాలా భాగం గదిలోకి పోతుంది, లోపలికి వెళ్లిన దాంట్లో కూడా ఎక్కువ తిరిగి బయటికే వస్తుంది. ట్యాంకర్ పంపేవాళ్లకు కావలసిన అంకె 106.